నేర్పడానికి ఎవరూ లేనప్పుడు మొదటి మిలిటరీ పైలట్లకి ఎగరడం ఎవరు నేర్పారు?

గాలిపటం_రవి:
చాలా రోజుల నుంచి ఈ డౌట్ బుర్రలో తిరుగుతోంది, ఇక్కడ తెలిసినవాళ్ళు ఉన్నారని అడుగుతున్నా. ఇప్పుడంటే మిలిటరీ పైలట్ అవ్వాలంటే ఏళ్ళ తరబడి ట్రైనింగ్, సిమ్యులేటర్, పక్కనో వెనకో ఇన్‌స్ట్రక్టర్, అన్నీ ఉంటాయి. మరి మొట్టమొదట సైన్యాలు విమానం కొన్నప్పుడు దాన్ని నడపడం ఎవరికొచ్చు? ఎవరు ఎవరికి నేర్పారు? అక్కడి నుంచి ఇవాళ్టి పద్ధతి దాకా ఎలా వచ్చింది? పెద్ద పోస్టులైనా పర్లేదు, మొత్తం చదువుతా.

చరిత్రపిచ్చి_సుధ:
రవి గారూ మంచి టాపిక్ ఎత్తారు. అమెరికా సైన్యం సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి అక్కడి నుంచి మొదలెడతా. 1909లో రైట్ సోదరుల దగ్గర సైన్యం ఒక విమానం కొన్నది, ఒప్పందంలోనే ఇద్దరు ఆఫీసర్లకి నడపడం నేర్పాలని ఉంది. ఆ అక్టోబర్‌లో మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో విల్బర్ రైట్ స్వయంగా పక్క సీట్లో కూర్చుని ఫ్రాంక్ లామ్‌కి, ఫ్రెడరిక్ హంఫ్రీస్‌కి నేర్పాడు. ఒక్కొక్కరికి దొరికింది మూడు గంటల చిల్లర, అంతే. అక్టోబర్ 26న ఇద్దరూ ఒంటరిగా ఎగిరేశారు, ముందు హంఫ్రీస్, తర్వాత లామ్. ఇంకో పది రోజులకి ఇద్దరూ కలిసి ఎగురుతూ ఆ విమానాన్ని నేలకి కొట్టేశారు, అదృష్టం బాగుండి ఇద్దరికీ ఏం కాలేదు.

అసలు కథ మూడో ఆయనది. బెంజమిన్ ఫులోయిస్ అని, ఆయనకి గంట కూడా పాఠం దొరకలేదు. సోలో చెయ్యలేదు, ల్యాండింగ్ ఒక్కటీ సొంతంగా చెయ్యలేదు. అలాంటి మనిషిని ఆ రిపేరైన విమానంతో పాటు టెక్సాస్‌కి పంపించి ఎగరడం నీ అంతట నువ్వే నేర్చుకోమన్నారు. ఆయన 1910 మార్చి 2న మొదటిసారి ఒంటరిగా లేచాడు, అదే రోజు నాలుగో ఫ్లైట్‌లో పడగొట్టాడు కూడా. తర్వాత ఎక్కడ తేడా వచ్చినా రైట్ సోదరులకి ఉత్తరం రాయడం, జవాబు వచ్చాక మళ్ళీ ఎగరడం. పోస్టులో విమానం నేర్చుకున్న మనిషి! ఒకసారి సీట్లోంచి ఎగిరిపడబోయాడట, అప్పుడు గుర్రం జీను కట్టే తోలుపట్టీ లాంటిది ఒకటి తెప్పించుకుని నడుముకి కట్టుకున్నాడు. విమానంలో సీటుబెల్టు అలా వచ్చింది.

అబ్దుల్_కె:
సుధ గారి పోస్టుకి ఒక ముక్క కలుపుతా. ఆ రైట్ మోడల్ బి లాంటి విమానాల్లో విమానాన్ని పక్కకి వాల్చడానికి రెక్కల్ని మెలితిప్పే లివర్ రెండు సీట్ల మధ్యలో ఒక్కటే ఉండేది, ఇద్దరికీ అదే. అందుకని ఎడమ సీట్లో నేర్చుకున్నవాడు దాన్ని కుడిచేత్తో పట్టుకోవడానికి అలవాటు పడతాడు, కుడి సీట్లో నేర్చుకున్నవాడు ఎడమచేత్తో. తర్వాత సీటు మారిస్తే చెయ్యి మాట వినదు! అందుకే ఆ రోజుల్లో ఎడమ సీటు పైలట్లు, కుడి సీటు పైలట్లు అని వేరువేరుగా ఉండేవాళ్ళు. ట్రైనింగ్ అంటే బుర్రకంటే ముందు కండరాలకి నేర్పడం అని దీన్ని చూస్తే తెలుస్తుంది.

నిఖిల్_99:
వావ్ ఇవేవీ తెలీదు నాకు. నేను పైలట్ సెలక్షన్‌కి ప్రిపేర్ అవుతున్నా. యూరప్‌లో కూడా ఇంతేనా, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పడమేనా?

చరిత్రపిచ్చి_సుధ:
లేదు నిఖిల్, ఫ్రాన్స్‌లో పూర్తిగా వేరే. బ్లేరియో స్కూళ్ళ పద్ధతి ఏంటంటే మొదటి రోజు నుంచీ విద్యార్థి ఒక్కడే. ఇన్‌స్ట్రక్టర్ నేల మీద నిలబడి చెప్తాడు, అంతే. ముందు రెక్కలు కత్తిరించేసిన విమానం ఇస్తారు, దాని పేరు పెంగ్విన్, అది ఎంత గ్యాస్ ఇచ్చినా పైకి లేవదు. దాన్ని మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా పరిగెత్తించాలి. వినడానికి తేలిక, చెయ్యడానికి నరకం. తోక ఒక పక్కకి జారిందంటే మొత్తం విమానం గిర్రున గుండ్రంగా తిరిగిపోతుంది, దాన్ని వాళ్ళు చెక్క గుర్రం అనేవాళ్ళు, జాతరలో తిరిగే రంగులరాట్నం గుర్రం అన్నమాట. తిన్నగా నడపడం వచ్చాక కాస్త పెద్ద రెక్కలున్నది ఇస్తారు, అది రెండు మూడు మీటర్లు గెంతి దిగుతుంది. తర్వాత ఇంకాస్త ఎత్తు. అలా ఒక్కో మెట్టు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తరఫున ఎగరడానికి వెళ్ళిన అమెరికన్ కుర్రాళ్ళు చాలామంది ఇలాగే నేర్చుకున్నారు.

నా మట్టుకు ఇది చాలా తెలివైన పద్ధతి. టైం తీసుకుంటుంది గానీ ప్రాణం మీదకి రాదు.

కాక్‌పిట్_మూర్తి:
నమస్కారం అందరికీ. నేను మిలిటరీ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేసి రిటైరైన మనిషిని, ఈ థ్రెడ్ చూశాక రాయకుండా ఉండలేకపోయా. సుధ గారూ, పెంగ్విన్ గురించి మీరు చెప్పింది కరెక్టే, నేల మీద ఉన్నంతసేపు అది మంచి పద్ధతే. కానీ గాల్లోకి లేచాక ఒక్కడే ఉన్న కుర్రాడికి తప్పు జరిగితే దాన్ని ఎలా సరిదిద్దాలో ఎవరు చూపిస్తారు? చూపించే మనిషి కింద ఉన్నాడు. ఇదే అసలు సమస్య, దీన్ని తేల్చింది బ్రిటన్‌లో ఒకాయన.

మిలిటరీ పైలట్ ట్రైనింగ్ చరిత్రలో ఒక్క పేరు గుర్తు పెట్టుకోవాలంటే అది రాబర్ట్ స్మిత్-బారీ. ఆయన గురించి రాత్రికి రాస్తా, తీరిగ్గా రాయాల్సిన విషయం.

గాలిపటం_రవి:
వెయిటింగ్ మూర్తి గారూ.

అబ్దుల్_కె:
మూర్తి గారు వచ్చేలోపు స్పిన్ గురించి కొంచెం చెప్తా, ఎందుకంటే స్మిత్-బారీ గొప్పతనం అర్థం కావాలంటే ఇది తెలియాలి. విమానం వేగం తగ్గిపోయి రెక్కల మీద గాలి పట్టు తప్పితే దాన్ని స్టాల్ అంటారు. ఆ సమయంలో ఒక రెక్క ముందు పడిపోతే విమానం ముక్కు కిందకి పెట్టి బొంగరంలా తిరుగుతూ పడుతుంది, అదే స్పిన్. మొదట్లో స్పిన్‌లోకి వెళ్ళాడంటే చచ్చాడనే లెక్క. ఎందుకంటే నేల మొహం మీదకి వస్తుంటే మనిషి చేసే పని స్టిక్‌ని, అంటే విమానం ముక్కుని పైకీ కిందకీ తిప్పే కర్రని, తన వైపు లాగడం, లాగేకొద్దీ స్పిన్ ఇంకా బిగుస్తుంది.

1912 ఆగస్టు 25న ఇంగ్లండ్‌లో విల్‌ఫ్రెడ్ పార్క్ అనే నేవీ లెఫ్టినెంట్ దాదాపు ఏడు వందల అడుగుల ఎత్తులో స్పిన్‌లో పడ్డాడు. స్టిక్ లాగాడు, పనిచెయ్యలేదు. ఇంజిన్ పెంచాడు, పనిచెయ్యలేదు. ఇక చివరికి తిరుగుడుకి వ్యతిరేకంగా రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే పెడల్) తొక్కేశాడు, నేలకి యాభై అడుగుల దూరంలో విమానం తిన్నగా అయింది. చుట్టూ జనం చూస్తున్నారు. దిగాక ఏం చేశాడో వివరంగా చెప్పాడు. పాపం అదే ఏడాది డిసెంబర్‌లో ఇంకో ప్రమాదంలో పోయాడు.

ఘోరం ఏంటంటే అంత వివరంగా తెలిసినా కూడా ఐదేళ్ళ దాకా ట్రైనింగ్ స్కూళ్ళలో దాన్ని పాఠంగా పెట్టలేదు! స్పిన్ జోలికి వెళ్ళకండి అనడమే పాఠం. 1917లో ఫార్న్‌బరోలో లిండెమన్ అనే ఫిజిసిస్టు తనే ఎగరడం నేర్చుకుని కావాలని స్పిన్‌లోకి దించి లెక్కలన్నీ రాసుకొచ్చాడు.

కాక్‌పిట్_మూర్తి:
అబ్దుల్ గారు చాలా బాగా చెప్పారు, నా పని సగం అయిపోయింది.

ఇప్పుడు సీన్ చూడండి. 1916, ఫ్రాన్స్‌లో యుద్ధం. స్మిత్-బారీ 60వ స్క్వాడ్రన్ కమాండర్. 1914లో యుద్ధం మొదలైన నెలలోనే కూలిపోయి రెండు కాళ్ళూ విరగ్గొట్టుకుని మళ్ళీ ఎగరడానికి వచ్చిన మనిషి. ఆయన దగ్గరకి ఇంగ్లండ్ నుంచి కొత్త పైలట్లు వస్తుంటే కొందరికి పది గంటల ఫ్లయింగ్ కూడా లేదు. వచ్చిన వారానికే పోతున్నారు. ఆయన తట్టుకోలేక పైవాళ్ళకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు, ట్రైనింగ్ ఇలా కాదు అలా ఉండాలి అని. పై అధికారి ట్రెంచర్డ్ అవి చదివి, అంత తెలిస్తే నువ్వే వెళ్ళి చేసి చూపించు అన్నట్టుగా ఇంటికి పంపి గాస్‌పోర్ట్‌లో ఒక ట్రైనింగ్ స్క్వాడ్రన్ చేతికిచ్చాడు. 1917 ఆగస్టుకి అదే స్కూల్ ఆఫ్ స్పెషల్ ఫ్లయింగ్ అయింది.

అప్పటిదాకా స్కూళ్ళు ఎలా ఉండేవంటే, ఇన్‌స్ట్రక్టర్లు చాలామంది ఫ్రంట్‌లో అలిసిపోయి రెస్టు కోసం వచ్చినవాళ్ళు, నేర్పాలనే ఇష్టం లేదు, విద్యార్థి చేతికి కంట్రోల్ ఇవ్వాలంటే భయం. కొన్ని విమానాల్లో విద్యార్థి వెనక కూర్చుని ఇన్‌స్ట్రక్టర్ భుజాల మీదుగా చేతులు చాపి స్టిక్ పట్టుకోవాల్సి వచ్చేది. ఏం నేర్చుకుంటాడు చెప్పండి?

స్మిత్-బారీ చేసింది ఏంటంటే, ఒకటి, ఆవ్రో 504 విమానాల్ని తీసుకుని పూర్తి డ్యూయల్ కంట్రోల్స్ (ఇద్దరి దగ్గరా వేరువేరుగా స్టిక్, రడ్డర్) పెట్టించి విద్యార్థిని పైలట్ సీట్లోనే కూర్చోబెట్టాడు. ఇన్‌స్ట్రక్టరే ఇంకో సీట్లోకి వెళ్ళాడు. ఇంకోటి, ఇద్దరి మధ్యా రబ్బరు గొట్టం, చెవికి తగిలించుకునేది, దాని పేరే గాస్‌పోర్ట్ ట్యూబ్ అయిపోయింది. ఇంజిన్ హోరులో అరిచి సైగలు చేసే బాధ పోయింది, తప్పు జరిగే క్షణంలోనే మాట చెవిలో పడుతుంది. కానీ అన్నిటికంటే పెద్ద మార్పు ఆలోచనలోది. ప్రమాదం నుంచి దూరంగా ఉంచడం ట్రైనింగ్ కాదు, కావాలని ప్రమాదంలోకి తీసుకెళ్ళి బయటకి రావడం నేర్పాలి అన్నాడు. స్పిన్ చేయించాడు, పక్కగాలిలో ల్యాండింగ్ చేయించాడు, నేలకి దగ్గరగా నిట్టనిలువు టర్నులు చేయించాడు. ఎందుకు అలా జరుగుతుందో కూడా చెప్పించాడు, చెప్పింది చెయ్యి అని ఊరుకోలేదు.

నేను సర్వీసులో మొదటిసారి ఒక విద్యార్థిని స్పిన్‌కి తీసుకెళ్ళిన రోజు నాకింకా గుర్తే. చాలా చురుకైన పిల్లాడు, క్లాసులో అన్నిటికీ జవాబులు చెప్పేవాడు. విమానం ఒక రెక్క మీద పడి తిరగడం మొదలవ్వగానే ఇంటర్‌కామ్‌లో ఊపిరి శబ్దం ఆగిపోయింది. మాట లేదు, ఊపిరి లేదు. వెనక సీట్లోంచి నాకు వాడి మెడ మాత్రమే కనిపిస్తోంది, నరాలు తాళ్ళలా లేచాయి. స్టిక్ రెండు చేతులతో పట్టుకుని పొట్టకి లాక్కుంటున్నాడు. రడ్డర్ అన్నాను, కదల్లేదు. వాడి పేరు పెట్టి పిలిచాను, అప్పుడు ఎడమకాలు కదిలింది. ఆ రోజు మూడు సార్లు చేయించాను. మూడోసారి తనే గట్టిగా లెక్కపెడుతూ, థ్రాటిల్ వెనక్కి, రడ్డర్, స్టిక్ ముందుకి అని చెప్పుకుంటూ బయటకొచ్చాడు. ఆ గొంతులో వచ్చిన మార్పుని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. వందేళ్ళ క్రితం గాస్‌పోర్ట్‌లో మొదలైంది ఇదే.

నిఖిల్_99:
సర్ మీ పోస్టు చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. ఇంకా రాయండి ప్లీజ్.

లలిత_సిమ్:
మూర్తి గారికి థాంక్స్. నేను ఫ్లైట్ సిమ్యులేటర్ల సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తా, కాబట్టి మా వైపు కథ నేను చెప్తా.

సిమ్యులేటర్ కూడా కొత్తదేం కాదు. 1910 ప్రాంతంలోనే ఫ్రాన్స్‌లో ఆంతువానెత్ కంపెనీవాళ్ళు సగం పీపాల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి అందులో విద్యార్థిని కూర్చోబెట్టి, బయట మనుషులు చేత్తో ఊపుతుంటే వాడు చక్రాలు తిప్పి బ్యాలెన్స్ చేసుకునేలా ఒకటి తయారుచేశారు. చూస్తే పిల్లల ఆటలా ఉంటుంది గానీ ఆలోచన మొత్తం అందులో ఉంది.

అసలైనది ఎడ్విన్ లింక్‌ది. న్యూయార్క్ రాష్ట్రంలో బింగామ్‌టన్‌లో వాళ్ళ నాన్నకి ఆర్గన్‌లు, ఆటోమేటిక్ పియానోలు చేసే ఫ్యాక్టరీ ఉంది. ఆర్గన్ అంటే గాలితిత్తులు, పంపులు, వాల్వులు. ఆ కుర్రాడు అవే సామాన్లతో 1920ల చివర్లో ఒక పొట్టి విమానం చేశాడు, స్టిక్ కదిపితే తిత్తుల్లోకి గాలి ఎక్కి దిగి అది వాలుతుంది, లేస్తుంది. సైన్యాలు పట్టించుకోలేదు, మొదట్లో ఎక్కువగా ఎగ్జిబిషన్ పార్కుల్లో ఆటవస్తువుగా అమ్ముడుపోయింది!

1934లో మారింది. ఆ ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ప్రైవేటు కంపెనీల ఎయిర్‌మెయిల్ కాంట్రాక్టులు రద్దుచేసి ఉత్తరాలు మోసే పని సైన్యానికి ఇచ్చింది. చలికాలం, రాత్రులు, మంచు, పొగమంచు. సైన్యం పైలట్లకి పగలు ఎండలో ఎగరడం వచ్చు, మీటర్లు మాత్రమే చూసి ఎగరడం చాలామందికి రాదు. కొద్ది వారాల్లో పది మందికి పైగా పోయారు. దేశమంతా గోల. అప్పుడు లింక్ తన మెషిన్ చూపించడానికి వచ్చాడు, ఆఫీసర్లు ఎదురుచూస్తున్న రోజున దట్టమైన పొగమంచు, ఇవాళ ఎవడూ రాడులే అని వెళ్ళిపోబోతుంటే మబ్బులోంచి ఆయన విమానం దిగింది. మీటర్లు చూసే నడుపుకుంటూ వచ్చాడు. సైన్యం ఆరు ట్రైనర్ మెషిన్లు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి అలాంటివి పది వేలదాకా తయారయ్యాయి, ఐదు లక్షల మంది వాటిలో కూర్చుని నేర్చుకున్నారు. నీలం రంగు పెట్టె, పైన మూత మూసేస్తే లోపల చీకటి, మీటర్ల వెలుగు తప్ప ఏం కనపడదు.

అబ్దుల్_కె:
లలిత గారూ దీనికి ముందు విలియం ఆకర్ కథ ఉంది, అది కూడా చెప్పాలి. మబ్బులోకి వెళ్తే మన చెవిలోని బ్యాలెన్స్ అబద్ధం చెప్తుంది. విమానం మెల్లగా వాలుతున్నా తిన్నగా ఉన్నట్టే అనిపిస్తుంది. పాత పైలట్లు నమ్మేవాళ్ళు కాదు, నిజమైన పైలట్‌కి కూర్చున్న చోటే తెలిసిపోతుంది అనేవాళ్ళు. 1926లో ఆకర్ మెడికల్ టెస్టుకి వెళ్తే డాక్టర్ డేవిడ్ మైయర్స్ కళ్ళు మూసి తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి ఏ వైపు తిరుగుతున్నావు అని అడిగాడు. కుర్చీ ఆగిపోయినా ఆకర్‌కి ఇంకో వైపు తిరుగుతున్నట్టు అనిపించింది. అంత అనుభవం ఉన్న పైలట్ తప్పు చెప్పాడు. ఆయన ఊరుకోలేదు, ఒక పెట్టెలో టర్న్ ఇండికేటర్ (ఏ వైపు తిరుగుతున్నామో చూపే మీటర్), టార్చిలైటు పెట్టుకుని మళ్ళీ వచ్చి దాంట్లోకి చూస్తూ అన్ని ప్రశ్నలకీ కరెక్టుగా చెప్పాడు. అప్పటి నుంచి ఆయన జీవితమంతా ఇదే పని, నీ ఒళ్ళు చెప్పేది నమ్మకు, మీటర్ చెప్పేది నమ్ము అని నేర్పడం. 1929 సెప్టెంబర్ 24న జిమ్మీ డూలిటిల్ కాక్‌పిట్ మీద గుడ్డ కప్పించుకుని, బయట ఏం కనపడకుండా, లేవడం నుంచి దిగడం దాకా మీటర్లతోనే చేసి చూపించాడు.

మోడరేటర్:
చాలా మంచి చర్చ. రెండో ప్రపంచ యుద్ధం మీద వేరే థ్రెడ్ పెట్టాలా అని ఒకరు మెసేజ్ చేశారు, అక్కర్లేదు, ఇక్కడే కానివ్వండి.

గాలిపటం_రవి:
థాంక్స్ మోడరేటర్ గారూ. నా తర్వాతి ప్రశ్న కూడా అదే. యుద్ధంలో లక్షల్లో పైలట్లు కావాలి కదా, మూర్తి గారు చెప్పినంత శ్రద్ధగా అంతమందికి ఎలా నేర్పగలిగారు?

చరిత్రపిచ్చి_సుధ:
రవి గారూ, గెలుపోటములు చాలావరకు ఇక్కడే తేలాయని నా నమ్మకం. 1939 డిసెంబర్ 17న ఒటావాలో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. యుద్ధం యూరప్‌లో, ట్రైనింగ్ ఎక్కువ భాగం కెనడాలో. బాంబులు పడవు, ఆకాశం ఖాళీ, చదునైన నేల. 1945 మార్చి నాటికి ఆ ఒక్క ప్లాన్‌లో 1,31,553 మంది తయారయ్యారు, అందులో పైలట్లే దాదాపు 50,000. అమెరికాలో మూడు మెట్ల పద్ధతి, ముందు స్టియర్‌మన్ బైప్లేన్, తర్వాత బీటీ-13, ఆ తర్వాత టీ-6 టెక్సాన్. ఒక్కో మెట్టులో విమానం బరువు, వేగం, పని పెరుగుతుంది. టీ-6 రకాలు పదిహేను వేలకి పైగా తయారయ్యాయి.

ఇంకో వైపు చూడండి. జపాన్ నేవీ యుద్ధానికి ముందు ప్రపంచంలోనే అతి కఠినమైన ట్రైనింగ్ ఇచ్చేది, వందల మందిలో పదుల మందిని ఉంచి మిగతావాళ్ళని తీసేసేది. ఆ కొద్దిమంది అద్భుతమైన పైలట్లు. కానీ వాళ్ళు పోతే? వెనక ఎవరూ లేరు. అనుభవం ఉన్నవాళ్ళని ఫ్రంట్‌లోనే ఉంచేశారు, చచ్చేదాకా. అమెరికావాళ్ళు తమ మంచి పైలట్లని వెనక్కి రప్పించి ఇన్‌స్ట్రక్టర్లుగా పెట్టారు. జర్మనీ అయితే ఇంకా ఘోరం, 1942 చలికాలంలో స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకున్న సైన్యానికి సరుకులు మొయ్యడానికి ట్రైనింగ్ స్కూళ్ళలోని జంకర్స్-52 విమానాల్ని, వాటి ఇన్‌స్ట్రక్టర్లతో సహా పంపించేసింది. విత్తనాల వడ్లు దంచుకుని తిన్నట్టు! 1944కి కొత్త జర్మన్ పైలట్‌కి దొరికిన గంటలు అమెరికన్ కుర్రాడికి దొరికిన వాటిలో సగం కూడా లేవు.

1944 మే, జూన్‌లలో జపాన్ క్యారియర్లు, అంటే విమానాల్ని మోసే యుద్ధ ఓడలు, టావి-టావి అనే చోట లంగరేసి ఉన్నాయి. అక్కడ ఎయిర్‌ఫీల్డ్ లేదు, సముద్రంలోకి వెళ్దామంటే బయట అమెరికన్ సబ్‌మెరైన్లు. అసలే అరకొర ట్రైనింగ్‌తో వచ్చిన కుర్రాళ్ళు, దాదాపు నెల రోజులు ఎగరడమే లేదు. జూన్ 19న ఫిలిప్పీన్ సముద్రంలో ఆ ఒక్క రోజులో పోయిన జపాన్ విమానాలు రెండు వందల పైనే. నాకు అది చదివినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది, ఏ దేశం పిల్లలైతేనేం.

నిఖిల్_99:
క్యారియర్ అన్నారు కాబట్టి అడుగుతున్నా, ఓడ మీద దిగడం ఎక్కడ నేర్పేవాళ్ళు? యుద్ధంలో ఉన్న ఓడని ట్రైనింగ్‌కి ఇవ్వరు కదా.

అబ్దుల్_కె:
తమ్ముడూ భలే ప్రశ్న. అమెరికా నేవీ మిషిగన్ సరస్సులో నేర్పింది. సముద్రం కాదు, మంచినీళ్ళ సరస్సు! ప్రయాణికుల్ని తిప్పే రెండు పాత బొగ్గు స్టీమర్లు, పక్కల నీళ్ళని తోసే పెద్ద ప్యాడిల్ చక్రాలు ఉండేవి, వాటి పై అంతస్తులు కొట్టేసి డెక్ వేశారు. పేర్లు వుల్వరిన్, సేబుల్. సరస్సులో జర్మన్ సబ్‌మెరైన్ భయం లేదు. కానీ ఆ ఓడలు నెమ్మది, గాలి వీచని రోజు డెక్ మీద గాలి సరిపోదు, విమానాలు దించడానికి కుదిరేది కాదు. వాటి మీద దాదాపు 17,000 మంది పైలట్లు క్వాలిఫై అయ్యారు, తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన పెద్ద జార్జ్ బుష్ కూడా సేబుల్ మీదే. గురితప్పి సరస్సులో పడిన విమానాలు వంద పైనే, చల్లటి మంచినీళ్ళు కాబట్టి దశాబ్దాల తర్వాత తీసినా కొన్ని బాగానే ఉన్నాయి, మ్యూజియంలలో పెట్టారు.

పాతపేజీలు_శారద:
అందరూ రాసినవి చదివాను. ఒక లోటు కనిపించింది, ఎవరికి నేర్పారు అని మాట్లాడుతున్నాం గానీ ఎవరికి నేర్పం అన్నారో మాట్లాడలేదు. నల్లజాతివాళ్ళు యుద్ధ విమానం నడపలేరని అమెరికా సైన్యం చాలాకాలం గట్టిగా చెప్పింది. 1941 జులైలో టస్కీగీలో 13 మందితో మొదటి బ్యాచ్ మొదలైంది, 1942 మార్చి 7న రెక్కల బ్యాడ్జి అందుకున్నది ఐదుగురు. వాళ్ళలో బెంజమిన్ డేవిస్ తర్వాత జనరల్ అయ్యాడు. యుద్ధం ముగిసి ప్రోగ్రాం ఆగేదాకా అక్కడ తొమ్మిది వందల పైచిలుకు పైలట్లు తయారయ్యారు.

ఆడవాళ్ళ సంగతి ఇంకోటి. టెక్సాస్‌లో స్వీట్‌వాటర్ దగ్గర ఎవెంజర్ ఫీల్డ్‌లో వాస్ప్ అనే పేరుతో ట్రైనింగ్. 25,000 మంది అప్లై చేస్తే పూర్తి చేసింది 1,074 మంది. విమానాలు ఫ్యాక్టరీల నుంచి చేరవేశారు, గన్నర్లు కాల్చడం ప్రాక్టీస్ చేసుకోవడానికి వెనక గుడ్డ టార్గెట్లు కట్టుకుని ఎగిరారు, 38 మంది చనిపోయారు. అయినా వాళ్ళు సైనికులు కాదన్నారు, ఆ గుర్తింపు 1977లో గానీ రాలేదు.

సోవియట్ వైపు మరీనా రస్కోవా 1941లో ఎంగెల్స్ పట్టణంలో మూడు రెజిమెంట్లకి ఆడవాళ్ళని తయారుచేసింది. మామూలుగా ఏళ్ళు పట్టే కోర్సు నెలల్లో. అందులో రాత్రి బాంబర్ల రెజిమెంట్‌కి ఇచ్చిన విమానం ఏంటో తెలుసా, పీఓ-2, అంటే గుడ్డ రెక్కల ట్రైనింగ్ విమానం! నేర్చుకున్న విమానంలోనే యుద్ధానికి వెళ్ళారు. టార్గెట్ దగ్గరకి వచ్చాక ఇంజిన్ తగ్గించి చప్పుడు లేకుండా జారుతూ వచ్చి బాంబులు వదిలేవాళ్ళు.

లలిత_సిమ్:
శారద గారూ ఇది రాసినందుకు చాలా చాలా థాంక్స్, నేను రాద్దామనుకుంటూ ఆగిపోయా.

గాలిపటం_రవి:
ఒక డౌట్. ఇన్‌స్ట్రక్టర్లు తిడితేనే కుర్రాళ్ళు దారికొస్తారంటారు, పాత మిలిటరీ ట్రైనింగ్ అంటే తిట్లే అని విన్నా. నిజంగా పనిచేస్తుందా అది?

పాతపేజీలు_శారద:
దీనికి మంచి ఉదాహరణ ఉంది. డేనియల్ కానెమన్, తర్వాత ఎకనామిక్స్‌లో నోబెల్ వచ్చింది, ఆయన ఒకప్పుడు ఇజ్రాయెల్ ఎయిర్ ఫోర్స్ ఇన్‌స్ట్రక్టర్లకి క్లాస్ చెప్తూ మెచ్చుకుంటే బాగా నేర్చుకుంటారు అన్నాడు. ఒక సీనియర్ లేచి, కాదు, బాగా చేశావు అన్న ప్రతిసారీ తర్వాతి ప్రయత్నం చెడగొడతారు, అరిస్తేనే బాగుపడతారు, మేం రోజూ చూస్తున్నాం అన్నాడు. కానెమన్‌కి వెంటనే లెక్క అర్థమైంది. ఏ రోజైనా అసాధారణంగా బాగా చేసినవాడు తర్వాత మామూలు స్థాయికి వస్తాడు, మరీ చెత్తగా చేసినవాడు కూడా తర్వాత మామూలు స్థాయికి వస్తాడు. మెచ్చుకున్నా తిట్టినా అదే జరుగుతుంది. తిట్టువల్ల బాగుపడినట్టు కనిపిస్తుంది, అంతే. అప్పటికప్పుడు ఆ ఇన్‌స్ట్రక్టర్ల చేతే వెనక్కి చూడకుండా టార్గెట్ మీదకి నాణేలు వేయించి చూపించాడు.

కాక్‌పిట్_మూర్తి:
శారద గారూ ఇది నేను ఒప్పుకుంటా. నాకు నేర్పిన ఒకాయన బాగా అరిచేవాడు, ఆ ఏడాదంతా నా దృష్టి హొరైజన్ మీద కంటే ఆయన గొంతు మీదే ఉండేది. నేను ఇన్‌స్ట్రక్టర్ అయ్యాక గాల్లో గొంతు పెంచకూడదని నియమం పెట్టుకున్నా. మాట్లాడాల్సింది కింద, బోర్డు ముందు.

అబ్దుల్_కె:
జెట్లు వచ్చాక ఏమైందో కూడా చెప్పి నేను ఆపేస్తా. వియత్నాంలో అమెరికా నేవీ క్షిపణులున్న విమానాలు కదా ఇక దగ్గరగా వచ్చి కొట్టుకునే అవసరం లేదనుకుంది, ఆ ట్రైనింగ్ వదిలేసింది. తీరా చూస్తే వదిలిన క్షిపణుల్లో పదికి ఒకటి కూడా తగలట్లేదు. కెప్టెన్ ఫ్రాంక్ ఆల్ట్ అని ఒకాయన కారణాలన్నీ తవ్వి రిపోర్ట్ ఇచ్చాడు, 1969 మార్చిలో మిరామార్‌లో టాప్‌గన్ స్కూలు మొదలైంది. వాళ్ళు చేసిన ముఖ్యమైన పని, తమలాంటి విమానంతో కాకుండా శత్రువు విమానంలా చిన్నగా, చురుగ్గా తిరిగే విమానంతో పోరాడించడం. తమ చిన్న ఏ-4 స్కైహాక్‌ని శత్రువు మిగ్-17గా వాడారు. 1972లో మళ్ళీ గాలియుద్ధాలు జరిగినప్పుడు నేవీ లెక్క, అంటే ఒక విమానం పోగొట్టుకుంటే ఎన్ని కూల్చారన్నది, అమాంతం మెరుగైంది, అలాంటి ట్రైనింగ్ పెట్టని ఎయిర్ ఫోర్స్ లెక్క మారలేదు. తర్వాత ఎయిర్ ఫోర్స్ కూడా 1975లో నెవాడాలోని నెలిస్‌లో రెడ్ ఫ్లాగ్ అనే నకిలీ యుద్ధాల ట్రైనింగ్ మొదలెట్టింది. పైలట్లు ఎక్కువగా పోయేది మొదటి పది మిషన్లలోనే అని తేలింది కాబట్టి ఆ పదీ ముందే ఇంటి దగ్గర చేయిద్దామని.

మూర్తి గారూ, స్మిత్-బారీ స్పిన్ చేయించడం, వీళ్ళు నకిలీ శత్రువుతో కొట్టించడం, రెండూ ఒకటే కదా?

కాక్‌పిట్_మూర్తి:
ఒకటే అబ్దుల్ గారూ. భయపడేది ఏదైనా సరే, ముందు నేర్పే మనిషి పక్కనుండగా చూడాలి.

నిఖిల్_99:
లలిత అక్కా, ఇప్పుడు వీఆర్ కళ్ళజోళ్ళతో నేర్పేస్తున్నారంట కదా, మరి ఇక ఇన్‌స్ట్రక్టర్ అవసరం తగ్గుతుందా?

లలిత_సిమ్:
2018లో అమెరికా ఎయిర్ ఫోర్స్ ఆస్టిన్‌లో అలాంటి ప్రయోగం మొదలెట్టింది నిఖిల్, విద్యార్థి ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు కూర్చోవచ్చు. చెక్‌లిస్టు, ప్రొసీజర్లు, సర్క్యూట్ (లేచి రన్‌వే చుట్టూ తిరిగి దిగడం) దారి, రేడియో మాటలు, ఇవన్నీ అలా చాలా తొందరగా వస్తాయి. ఈ పని చేసేదాన్ని కాబట్టి గట్టిగా చెప్తున్నా, మేం దృశ్యం ఇవ్వగలం, శబ్దం ఇవ్వగలం, ఒంటి మీద పడే బరువు అలాగే ఇవ్వలేం. ఆరు జీ టర్నులో, అంటే ఒళ్ళు ఆరింతలు బరువెక్కే మలుపులో, తల తిప్పడం ఎలా ఉంటుందో మా కుర్చీ చెప్పలేదు. ఇంకోటి, మా దగ్గర కూలితే రీసెట్ బటన్ ఉంది. అది ఉందని చెయ్యికి తెలుసు.

గాలిపటం_రవి:
ఇంత వస్తుందని అనుకోలేదు, అందరికీ దండాలు. ఆఖరిగా మూర్తి గారిని ఒకటి అడుగుతా. విద్యార్థిని ఇక ఒంటరిగా పంపొచ్చు అని మీకు ఎలా తెలుస్తుంది? ఏదైనా మార్కుల లెక్క ఉంటుందా?

కాక్‌పిట్_మూర్తి:
కాగితం మీద లెక్క ఉంటుంది రవి గారూ, ఇన్ని ల్యాండింగులు, ఇన్ని గంటలు, ఒక చెక్ రైడ్ (గాల్లో పెట్టే పరీక్ష). కానీ నా గుర్తు వేరే. డ్యూయల్‌లో నా చెయ్యి ఎప్పుడూ స్టిక్‌కి అంగుళం దూరంలో ఉంటుంది, ముట్టుకోకుండా, కాళ్ళు రడ్డర్ పెడల్స్ పక్కన. మొదటి వారాల్లో ఆ చెయ్యి పదే పదే స్టిక్ మీద పడుతుంది. తర్వాత తగ్గుతుంది. ఒక రోజు ఫైనల్ మీద, అంటే దిగడానికి రన్‌వే వైపు తిన్నగా, వస్తుంటే స్పీడ్ పడిపోతోంది, చెప్పాలని నోరు తెరిచేలోపే ముక్కు కాస్త దిగుతుంది, స్పీడ్ సర్దుకుంటుంది. అలా మూడు సార్లు, నాలుగు సార్లు, నేను అనబోయేది వాడు ముందే చేసేస్తుంటే, నా చెయ్యి ఒళ్ళో ఉందని నాకు అప్పుడు తెలుస్తుంది.

ఆ రోజే విమానం ఆపమని దిగిపోతా. దిగాక ఒక పని ఉంటుంది, నా సీటు బెల్టులన్నీ బిగించి కట్టెయ్యాలి. వదులుగా ఉంటే గాల్లో ఊగి స్టిక్‌కి చుట్టుకోవచ్చు. కట్టాక రెండుసార్లు లాగి చూస్తా. తర్వాత భుజం తట్టి, నా బరువు ఉండదు కాబట్టి విమానం నువ్వు అనుకున్నదానికంటే ముందే లేస్తుంది, కంగారుపడకు అని చెప్తా. అది చెప్పకపోతే ప్రతివాడూ కంగారుపడతాడు. ఇక అక్కడి నుంచి రన్‌వే పక్కకి నడుచుకుంటూ వెళ్ళి నిలబడతా, సర్క్యూట్ మొత్తం ఆరేడు నిమిషాలు, ఇంజిన్ శబ్దం వింటూ.